మూడు ఎర్ర గీతలు

ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో, కంపెనీ ఇళ్ళ పాత లైను చివర, కొండని ఆనుకుని ఒక క్వార్టరు ఉంది. ఎవరి పేరున రాసినా ఎవరూ అందులోకి దిగరు. కాగితం చేతికొచ్చిన రోజే ఆఫీసుకి పరిగెత్తి, "సార్, ఒంటిగది ఇచ్చినా సర్దుకుంటాం, అది మాత్రం వద్దు" అని బతిమాలుకుంటారు.

పగటిపూట చూస్తే అందులో భయపడాల్సింది ఏమీ కనిపించదు. రేకుల కప్పు, పగిలిన కిటికీ అద్దాలు, గోడల నిండా ఎర్ర దుమ్ము. ఆ దుమ్ము మా ఊళ్ళో అన్నిటి మీదా ఉంటుంది. ఆకుల మీద, కుక్కల మీద, ఆరేసిన బట్టల మీద. కొండలోంచి ఇనుప రాయి దిగే ఊళ్ళో తెల్లటి వస్తువు ఏడాది తిరక్కుండా ఎర్రబడుతుంది.

కానీ పొద్దు వాలిందా… ఆ ఇంటి వెనక గదిలోంచి గుగ్గిలం కాలుతున్న వాసన వస్తుంది. అది సాంబ్రాణి వాసన కాదు, ఇంకో పొగ వాసనా కాదు. గుగ్గిలమే. ఆ వాసన తెలిసినవాళ్ళు మాట ఆపేసి, అడుగు పెంచి, ఆ మలుపు దాటిపోతారు.

ఎందుకంటే అందులో ఉండిన సత్యమూర్తి గారు గుగ్గిలంతోనే పనిచేసేవాడు.

ఆయనది గనిలో కరెంటు పని. సాయంత్రాలు ఇంటి దగ్గర రేడియోలు బాగుచేసేవాడు. తీగలకి సీసం అతుకు పెట్టడానికి అందరూ డబ్బాలో పేస్టు వాడితే, ఆయన సంతలో కోయవాళ్ళు అమ్మే గుగ్గిలం ముక్క కొని బల్ల మీద పెట్టుకునేవాడు. కాలిన సోల్డరింగ్ ఇనుము దానికి తాకగానే సన్నటి పొగ లేచేది. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఒక వానాకాలం సాయంత్రం ఆయన బల్ల మీద తల వాల్చి పోయాడు. ఎవరో చూసేసరికి చేతి పక్కనున్న ఇనుము ఇంకా కాలుతూనే ఉందట… బల్ల చెక్క దాని కింద నల్లగా చిల్లుపడి పోయిందట.

బాగుచెయ్యమని జనం ఇచ్చిన రేడియోలు అక్కడే ఉండిపోయాయి. పోయిన మనిషి బల్ల మీంచి వస్తువు తెచ్చుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆ ఇంట్లోకి మా తమ్ముడు చిన్నారావు వెళ్ళాడు. వాడు తన అక్కనైన నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చివరిది మాత్రం నేను కళ్ళతో చూసిందే. ఈమధ్య నాకు ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పోతోంది. అందుకే అది కూడా చెదిరిపోకముందే కాగితం మీద పెడుతున్నాను.

చిన్నారావు భార్య, మా మరదలు వరహాలమ్మకి మతిమరుపు పట్టుకుంది. మొదట్లో ఉప్పు మరిచిపోయేది, తర్వాత పొయ్యి వెలిగించడం మరిచిపోయింది, ఆ తర్వాత మమ్మల్నే మరవడం మొదలుపెట్టింది. పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడే వేళకి ఏదో పట్టుకున్నట్టు లేచి, రెండు చీరలు సంచీలో కుక్కుకుని, "బండి వేళయిపోనాది, మా అమ్మ ఎదురుచూస్తాది" అని గుమ్మం దాటేస్తుంది. వాళ్ళమ్మ పోయి ఎన్నాళ్ళయిందో నాకే సరిగ్గా గుర్తు లేదు.

దానికి ఒకటే మందు పనిచేసేది. పెళ్ళైన కొత్తలో మా తమ్ముడు కొన్న వాల్వు రేడియో. సాయంత్రం అది పెడితే మెల్లగా వేడెక్కి, ముందు అద్దం వెనక పసుపు దీపం వెలిగేది. గుయ్‌మని సన్నటి మోత. పాట వస్తేనేం, మాటలు వస్తేనేం, గరగర వస్తేనేం. వరహాలమ్మ సంచీ పక్కన పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి కూచుండిపోయేది. ఫోన్లో అవే పాటలు పెట్టి చూశాం. ఫోన్ని పక్కకి తోసేసింది. దానికి కావాల్సింది పాట కాదు. ఆ వేడి, ఆ వెలుగు.

ఈ వానల్లో అది ఆగిపోయింది. లోపల్నుంచి కమురు వాసన వచ్చింది, దీపం ఆరింది.

ఆ మర్నాడే వరహాలమ్మ మా కళ్ళు గప్పి బైపాసు మీదికి వెళ్ళిపోయింది. టిప్పరు డ్రైవరు బ్రేకు కొట్టబట్టి బతికింది. వాళ్ళ కొడుకు అరుణ్‌ది లోడింగ్ ప్లాంటులో పని. డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి ఒక ఇనుప గడియ కొనుక్కొచ్చి కిటికీలో పెట్టాడు.

"నాన్నా, బయట్నించి గడియ పెట్టేద్దాం. పొద్దుపోయే వేళకే కదా."

"మీ అమ్మ మేకేటిరా, దొడ్లో పెట్టి గడియెయ్యడానికి?" అన్నాడు మా తమ్ముడు.

"మరేం చెయ్యమంటావు? నువ్వు చెప్పు."

"రేడియో బాగుచేస్తాను."

"ఎప్పటికి?"

మా తమ్ముడు స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

వాడు ఉద్యోగం చేసినన్నాళ్ళూ కరెంటు పనే. రేడియో వెనక అట్ట విప్పి చూడగానే తెలిసిపోయింది, ఒక్క రెసిస్టరు మాడింది. చింతపిక్కంత ముక్క. కరెంటు జోరుకి అడ్డం పడడమే దాని పని. ఎంత అడ్డం పడాలో దాని ఒంటి మీద రంగు గీతల్లో రాసి ఉంటుంది, ఎంత వేడి ఓర్చుకుంటుందో దాని లావును బట్టి తెలుస్తుంది. మాడిన ముక్కని దీపం కింద పెట్టి చూశాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. నేనూ చూశాను. మూడూ ఎరుపే.

ఎరుపంటే అంకె రెండు, మళ్ళీ ఎరుపు రెండు, మూడో గీతకి రెండు సున్నాలు. రెండు వేల రెండు వందల ఓములు. "ఇంతే కదా!" అన్నాడు.

ఆ 'ఇంతే' మమ్మల్ని ఎంత ఏడిపించిందో!

బచేలిలో అడిగాడు. "రేడియోకా?" అని వాళ్ళు మొహం మొహం చూసుకున్నారు. దంతెవాడలో ఒకాయన మెంతిగింజ లావుది ఇచ్చాడు. పెట్టి స్విచ్చి వేస్తే టప్‌మని పేలింది. లావు చాల్లేదనుకున్నాడు. వానలో బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్ళాడు. అక్కడ దుకాణం కుర్రాడు, "అంకల్‌జీ, ఇది మ్యూజియం సరుకు. పారేసి కొత్త బ్లూటూత్ స్పీకరు కొనుక్కోండి, పాటలు కూడా నేనే ఎక్కించి ఇస్తా" అన్నాడట.

"నాకు పాటలొద్దు బాబూ. వేడి కావాల."

"అయితే హీటర్ కొనండి."

ఆ కుర్రాడితో పోట్లాడి, డబ్బాలన్నీ దింపించి, లావుపాటిదే ఒకటి తెచ్చాడు. మూడు ఎర్ర గీతలు, సరిగ్గా అవే. అతికించి స్విచ్చి వేశాడు. దీపం వెలగబోయింది. వరహాలమ్మ మొహం అటు తిరిగింది… గుప్పున పొగ.

అరుణ్ ఫోన్లో ఆర్డరు పెట్టాడు. అది రాయ్‌పూర్‌లో కొన్నాళ్ళు, జగదల్‌పూర్‌లో కొన్నాళ్ళు ఆగి ఆగి వచ్చింది. విప్పి చూస్తే నువ్వుగింజలంత ముక్కలు! అతికించే తీగ కాళ్ళు లేవు, గీతలు లేవు, పట్టుకుంటే వేలి సందులోంచి జారిపోతున్నాయి. మా తమ్ముడు ఆ కవరు గోడకేసి కొట్టాడు. నువ్వుగింజలు ఇల్లంతా దొర్లాయి. వాటిని ఏరుతూ వరహాలమ్మ, "పిండొడియాలకి బాగుంటాయి" అంది. నవ్వాలో ఏడవాలో మాకు తెలీలేదు.

రోజూ సాయంత్రం అదే వరస. అది గుమ్మంలోకి నడవడం, నేను రెక్క పట్టుకు వెనక్కి లాగడం, అది నన్ను దొంగని చూసినట్టు చూడడం. దాన్ని పట్టుకు కూచున్నంతసేపూ నేను స్టేషన్ల పేర్లు లోపల వల్లె వేసుకునేదాన్ని. కిరందుల్, బచేలి, భాంసీ, కమలూర్, దంతెవాడ… నా బుర్ర కూడా మాడిపోతోందేమోనని.

ఆఖరికి మా తమ్ముడు ఒక మాట పట్టుకున్నాడు.

"కొత్తవాటికి సత్తా లేదప్పా. ఆ కాలం సెట్టుకి ఆ కాలం ముక్కే పడాలి. మాదీ ఆస్పత్రి కాంపౌండరు గారిదీ ఒకే సెట్టు. అది సత్యమూర్తి గారి బల్ల మీద ఉండిపోనాది."

"ఒరే, ఆ ఇంటికా?" అన్నాను.

"దెయ్యానికి రేడియో ముక్కతో పనేటి?"

"రేడియోలు బాగుచేసేవాడి దెయ్యానికి దాంతోనే పనిరా."

వాడు వినలేదు. ఆ ఉదయమే అరుణ్ చెప్పేశాడు, రేపు సెలవు, గడియ బిగించేస్తాను అని.

పాత లైనుకి కాపలా సుక్కా. తెలుగు సరిహద్దున మరైగూడ వైపు మనిషి. తాళంచెవులు అతని దగ్గరుంటాయి, అతని డ్యూటీ పొద్దు వాలేకే. అందుకని మా తమ్ముడు ఆ వేళకే వెళ్ళాల్సి వచ్చింది. రోజంతా వాన. కొండ మీంచి ఎర్ర నీళ్ళు దారి పొడుగునా పారుతున్నాయి.

మలుపు తిరిగాడు. గుగ్గిలం వాసన!

వాడి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వానలో… పొయ్యి లేని ఇంట్లో… వాసన ముక్కుపుటాలకి తగిలేంత దగ్గర్లో…

గోడ వెంట మెల్లగా వెనక్కి వెళ్ళాడు. వెనక వసారాలో ఒక మనిషి ముడుచుకు కూచుని ఉన్నాడు. ముందర మూకుడు. మూకుట్లో నిప్పులు, నిప్పుల మీద గుగ్గిలం. ఆ మనిషి తల తిప్పాడు.

"ఏంది సాబ్, ఈ వానల ఎటు వచ్చినవ్?"

సుక్కా!

"నువ్వేటయ్యా ఈ పొగ పెట్టేది?"

"దోమలు సాబ్. రాత్రంత పీక్క తింటయ్. ఇదెయ్యకుంటే ఉండుడు కష్టం."

మా తమ్ముడు పడీపడీ నవ్వాడట. ఊరంతా వణుకుతున్నది దోమల పొగకా! సుక్కాకి కూడా కథ చెప్పి నవ్వించాడు. తాళంచెవి తీసుకుని, తలుపు తీస్తూ ఊరికే అడిగాడు.

"ఎన్నాళ్ళయిందేటి నువ్వీ డ్యూటీకొచ్చి?"

"మొన్న ఎండలప్పుడే కద సాబ్."

నవ్వు సగంలో ఆగింది. ఊళ్ళో ఆ మాట పుట్టి ఎన్నేళ్ళో…

"నువ్వూ లోపలికి రా సుక్కా."

"నేను రాను సాబ్. మీరు పోయి జల్ది రండ్రి." ఈసారి అతను నవ్వలేదు.

లోపల చీకటి. కరెంటు తీగలు ఎప్పుడో కోసేశారు, మీటరు ఉన్నచోట గోడకి చిల్లు. ఫోను దీపం వేసుకున్నాడు. నేల మీద అంగుళం మందాన ఎర్ర దుమ్ము. దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు, ఎలక గుర్తు కూడా లేదు. వెనక గదిలో బల్ల. బల్ల మీద కాలిన చిల్లు. దాని మీదా, వెనక గూట్లోనూ వరసగా రేడియోలు, ఎవరి కోసమో చూస్తున్నట్టు.

కాంపౌండరు గారిది దొరికింది. వెనక అట్ట మరమేకులు తుప్పు పట్టి ఉంటాయని స్క్రూడ్రైవరు తీశాడు. అక్కర్లేకపోయింది. వేళ్ళతో తిప్పితే వచ్చేశాయి, నిన్ననే బిగించినట్టు.

లోపలికి దీపం పెట్టి చూశాడు. అంతా దుమ్ము. ఏ ముక్క ఏదో తెలియడం లేదు. వంగాడు. ఇంకా వంగాడు…

చెవి పక్కన ఎవరో ఊదారు.

"ఫూ…"

దుమ్ము లేచింది. దీపం వెలుగులో ఎర్రగా సుడి తిరిగి పక్కకి పోయింది. ఆ ఒక్క రెసిస్టరు మాత్రం కడిగినట్టు బయటపడింది.

వాడు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇక ముక్క తీయలేనని తెలుసట. గాలి, కిటికీ అద్దం లేదు కదా, గాలి… అనుకుంటూ కటింగ్ ప్లయరుతో రెండు కాళ్ళూ కత్తిరించాడు. ముక్క అరచేతిలో పడింది.

వెచ్చగా ఉంది.

కరెంటు పారితేనే రెసిస్టరు వేడెక్కుతుంది. ఈ ఇంట్లో తీగే లేదు. రోజంతా ఎండ లేదు. అయినా అది ఇప్పుడే పని ఆపిన దానిలా వెచ్చగా ఉంది. కాలదు గానీ… వేలు ఆనిస్తే తెలుస్తుంది.

వాడు తలుపు తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చాడు.

ఇక్కడ ఇంట్లో నా పని నాది. వరహాలమ్మ సంచీతో గుమ్మంలో, నేను దాని కొంగు పట్టుకుని. అరుణ్ డ్యూటీలో ఉన్నాడు. మా తమ్ముడు తడిసి ముద్దై వచ్చి, బల్ల దగ్గర కూచుని, గుప్పిట విప్పాడు.

"అప్పా, పట్టుకో."

పట్టుకున్నాను. "నీ చేతిలో ఉండి ఉండి వేడెక్కిందిరా" అన్నాను. అప్పటికి వాడింకా నాకేమీ చెప్పలేదు. వాడు నన్ను చూసిన చూపు మాత్రం నాకు నచ్చలేదు.

దీపం కింద పెట్టాం. ఇద్దరం ఒక్కసారే చూశాం.

గీతలు ఎరుపు కాదు. నారింజ. మూడూ నారింజే.

వాడు మాడిపోయిన పాత ముక్కని డబ్బాలోంచి తీసి, కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది. ఇంకా రుద్దాడు. ఎరుపు కింద నుంచి నారింజ కొంచెం కొంచెంగా తేలింది. ఏళ్ళ తరబడి పట్టిన ఇనుప దుమ్ము, దాన్ని లోపలి వేడి కాల్చి కాల్చి రంగులా అంటించేసింది.

"నారింజంటే మూడు, మూడు, ఆపైన మూడు సున్నాలు. ముప్ఫై మూడు వేలు అడ్డం పడాల్సిన చోట రెండువేల చిల్లర పెట్టినానప్పా. మాడక ఏటవుద్ది?"

నెత్తి కొట్టుకున్నాడు. నిజంగానే రెండు చేతులతో కొట్టుకున్నాడు.

"జగదల్‌పూర్లో ఆ కుర్రాడి దగ్గర డబ్బా నిండా ఉన్నాయి ఇవి! వద్దని పక్కకి తోసేసినాను! ఆ ఇంటికి ఎల్లక్కర్లేదు… అసలెల్లక్కర్లేదు."

అప్పుడు చెప్పాడు, గొంతు తగ్గించి, ఇనుము వేడెక్కేలోపు. వసారా, దుమ్ము, చెవి పక్కన ఊదడం. విన్నాక నేను ఆ ముక్కని బల్ల చివరికి తోసేశాను.

"పెట్టకురా. పొద్దున్నే వెళ్ళి కొత్తది తెచ్చుకో."

"ఈ రాత్రి సంగతేటి? పొద్దున్న వాడు గడియ బిగించేస్తే?"

వరహాలమ్మ నా చేతిలోంచి కొంగు లాక్కుంటోంది. "బండెల్లిపోతాది, వదులు" అంటోంది. ఎవరినో అన్నట్టు అంటోంది.

వాడు అతికించాడు. స్విచ్చి వేశాడు. పొగ రాలేదు. కాసేపటికి అద్దం వెనక పసుపు దీపం… ఆ తర్వాత గుయ్‌మని ఆ మోత. ఏ ఊరి స్టేషనో, ఎవరో ఏదో మాట్లాడుతున్నారు, చాలా దూరం నుంచి.

వరహాలమ్మ సంచీ దించింది. వచ్చి రేడియో మీద అరచెయ్యి పెట్టింది. కూచుంది. మా తమ్ముడు కిటికీలో గడియ పొట్లం తీసి అటక మీదికి విసిరేశాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నాకూ ఒళ్ళు తేలికైపోయింది. గాలే అయి ఉంటుంది అనుకున్నాను. దుమ్ము ఊదేది గాలి కాక మరేమిటి.

అప్పుడు వరహాలమ్మ తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. చక్కగా కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది, పరాయి మగవాళ్ళొస్తే కప్పుకునేట్టు.

"పని చేసిన మనిషిని గుమ్మంలో నిలబెట్టేసినారేటి?" అని మొగుణ్ణి కసిరింది. "ఉండండి బాబూ, టీ పెట్టిస్తాను."

గుమ్మంలో ఎవరూ లేరు. మా తమ్ముడు ఎక్కడికి వెళ్ళొచ్చాడో దానికి తెలియదు. మేం మాట్లాడింది గుసగుసలు, అదీ దానికి మేమెవరమో కూడా తెలియని వేళలో. మతి లేని మనిషి ఏదో అంటుందిలే, అనుకుందామని చూశాను.

కానీ అది లేచి వంటింట్లోకి వెళ్ళింది. నెలల తరబడి పొయ్యి వెలిగించడం తెలియని మనిషి పొయ్యి వెలిగించింది. టీ పొడి, పంచదార, దంచిన అల్లం, పాలు… ఏదీ తప్పలేదు. వెనక నిలబడి నేను చూస్తున్నాను. పళ్ళెంలో గాజు గ్లాసులు సర్దింది. మేం ముగ్గురం. గ్లాసులు నాలుగు.

నాకొకటి ఇచ్చింది. "తీసుకో వదినా" అంది, వదినా అనే అంది. మా తమ్ముడికొకటి ఇచ్చింది. తనది రేడియో పక్కన పెట్టుకుంది. నాలుగోది పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

వాన వెలిసింది. బయట అరుగు సిమెంటు చప్టా, తడిసి నల్లగా ఉంది. అది చెయ్యి చాపింది, నిలబడ్డ మనిషి చేతికి అందేంత ఎత్తున.

"వేడిగా ఉంది బాబూ, సూసుకోండి" అంది.

గ్లాసు వదిలేసింది.

మేమిద్దరం చెవులు రిక్కించుకుని ఉన్నాం. గ్లాసు కింద పడిన చప్పుడు వినపడలేదు.